ఓడిన లెక్క: ఒక మాజీ జాకీ ప్రసంగ పాఠం

(గుర్రప్పందేల్లో గుర్రం తోలే జాకీ పనికి శిక్షణలో కొత్తగా చేరినవాళ్ళకీ, వాళ్ళతో వచ్చిన పెద్దవాళ్ళకీ చెప్పిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన అన్నది అన్నట్టే ఉంది.)

కూర్చోండి, కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నా పక్కనున్న ఈ చెక్కగుర్రాన్ని చూసి కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వుకోండి. దీని సంగతి చివర్లో చూద్దాం.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ నేను ఎన్ని రేసులు గెలిచానో చెప్పారు. వినడానికి నాకూ బాగానే ఉంది. కానీ ఎన్ని ఓడిపోయానో చెప్పలేదు. ఎవరూ చెప్పరు. జాకీ గురించి ఎక్కడ చదివినా గెలిచిన లెక్కే ఉంటుంది. నేను ఈ రోజు ఓడిన లెక్క చెప్దామని వచ్చాను.

బిల్ షూమేకర్ అని అమెరికన్ జాకీ ఉండేవాడు. మనిషి నాలుగడుగుల పదకొండు అంగుళాలు. 8,833 రేసులు గెలిచాడు. ఆయన రిటైరయ్యేనాటికి ప్రపంచంలో అన్ని గెలిచినవాడు ఇంకొకడు లేడు. సరే, మరి రేసుల్లో ఎన్నిసార్లు గుర్రం ఎక్కాడు? 40,350 సార్లు. తీసివేత చేయండి. లెక్కల్లో ఎవరు గట్టి? 31,517. ముప్పై ఒక్క వేల అయిదొందల పదిహేడు సార్లు ఓడిపోయిన మనిషిని మనం ఆల్ టైమ్ గ్రేట్ అంటున్నాం! అంటే రోజుకి అయిదు రైడ్లుంటే నాలుగు ఓడిపోయాడన్నమాట, ఏళ్ళ తరబడి. అది ఆయన సంగతి. నా సంగతి, మీ సంగతి ఇంకెలా ఉంటుందో ఊహించుకోండి.

ఇది మొదట్లోనే ఎందుకు చెప్తున్నానంటే, ఈ పనికి వచ్చే పిల్లలు చాలామంది చిన్నప్పట్నుంచీ దేన్లోనో ఒకదాన్లో ఫస్టు వచ్చినవాళ్ళే. చురుకైనవాళ్ళు, భయం తెలియనివాళ్ళు. ఇక్కడికి వచ్చాక రోజూ ఓడిపోతారు. ఓడిపోయి, గుర్రం దిగి, మొహం మీద మట్టి ఇంకా తుడుచుకోకముందే ట్రైనరు ముందూ ఓనరు ముందూ నిలబడి ఏం జరిగిందో చెప్పాలి. గుర్రం తోలడం మీకు ఇక్కడ నేర్పిస్తారు. ఆ నిలబడి చెప్పడం ఎవరూ నేర్పించరు. నాకైతే ఎవరూ నేర్పించలేదు, అందుకే ఒక మంచి లాయంలో నా చోటు పోగొట్టుకున్నాను. ఆ కథకి వస్తాను.

ముందు అసలు పని గురించి కొంచెం చెప్పాలి, పెద్దవాళ్ళకి తెలియాలి కదా. ఫ్లాట్ రేసు అంటే మధ్యలో దూకాల్సిన కంచెలూ గోతులూ ఏమీ ఉండవు, నేరుగా పరుగే. వెయ్యి మీటర్ల నుంచి మూడు, నాలుగు వేల మీటర్ల దాకా. వెయ్యి మీటర్లదైతే సుమారు ఒక్క నిమిషం, అంతే. ఒక నిమిషం పనికి ఇంత హడావిడా అనిపిస్తుంది. కానీ ఆ గుర్రం నాలుగొందల యాభై, అయిదొందల కిలోలు. గంటకి అరవై కిలోమీటర్ల పైన పోతుంది. దాని మీద మనం కూర్చోం. చాలామందికి తెలియని సంగతి అదే, కూర్చోం. రెండు రికాబుల మీద పాదాల ముందుభాగం ఆనించి, మోకాళ్ళు వంచి, వీపు గుర్రం మెడకి సమానంగా పెట్టి, గాల్లో వేలాడుతూ ఉంటాం. పిరుదులు జీనుకి తగలవు.

పూర్వం ఇలా ఉండేది కాదు. రికాబులు పొడుగ్గా పెట్టుకుని, నిటారుగా, రాజుగారి ఊరేగింపులో కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు. 1890లలో టాడ్ స్లోన్ అనే అమెరికన్ ఇంగ్లండు వెళ్ళి, ఇలా ముడుచుకుని తోలితే, కోతి అని నవ్వారు. నవ్వి, ఓడిపోయి, కొన్నేళ్ళలోనే అందరూ అదే పద్ధతికి వచ్చారు. 1900 ప్రాంతంలో పెద్ద రేసుల టైమింగులు అయిదు నుంచి ఏడు శాతం దాకా మెరుగుపడ్డాయి. గుర్రాలు ఒక్కసారిగా మారిపోవు కదా. 2009లో ఇంగ్లండు పరిశోధకులు జాకీకీ గుర్రానికీ సెన్సర్లు కట్టి కొలిచి చూశారు. గుర్రం ప్రతి అంగలోనూ పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. జాకీ కాళ్ళు స్ప్రింగుల్లా పనిచేసి ఆ ఊపుని మింగేస్తాయి, అతని నడుం దాదాపు ఒకే గీత మీద పోతుంది. గుర్రం మన బరువు మోస్తుంది, నిజమే, కానీ అంగంగకీ మనల్ని ఎత్తి కుదేసే పని దానికి తప్పుతుంది. ఆ పని మన తొడలు చేస్తాయి. మొదటి రేసు అయ్యాక నేను దిగి నిలబడబోతే కాళ్ళు నా మాట వినలేదు, జీను పట్టుకుని వేలాడాను. గుర్రాన్ని చూసుకునే సైస్ చూసి నవ్వాపుకున్నాడు, పాపం మంచివాడు.

ఇక బరువు. దీని గురించి ఎక్కువసేపు మాట్లాడతాను, మీకు విసుగొచ్చినా సరే.

రేసుకి ముందు జాకీని జీనుతో సహా త్రాసు మీద కూర్చోబెడతారు. హ్యాండిక్యాప్ రేసులో మంచి గుర్రానికి ఎక్కువ బరువు వేస్తారు, సాధారణమైనదానికి తక్కువ, అన్నీ ఒకేసారి గీత దాటాలన్నట్టు. మైలు రేసులో సుమారుగా ఒక కిలో అటో ఇటో ఐతే ఒక గుర్రం పొడవు తేడా వస్తుందని స్థూలంగా లెక్క వేస్తారు. మీరు తక్కువ తూగితే జీను కింద సంచిలో సీసం పలకలు పెట్టి సరిచేస్తారు. ఎక్కువ తూగితే? తీసేయడానికి ఏముంటుంది, మీరే కదా. అందుకే జాకీ అనేవాడు ఏళ్ళ తరబడి యాభై కిలోలకి అటూ ఇటూ ఉండాల్సి వస్తుంది. గుర్రం గుడ్డిదైనా గుగ్గిళ్ళకి తక్కువ లేదంటారు. జాకీకి మాత్రం గుర్రం ఎంత మంచిదైనా ముద్దకి తక్కువే.

ఫ్రెడ్ ఆర్చర్ అని, 1857లో పుట్టిన ఇంగ్లీషు జాకీ. వరసగా పదమూడేళ్ళు చాంపియన్. 8,084 రైడ్లకి 2,748 గెలిచాడు, అంటే మూడింట ఒకటి, అది ఇప్పటికీ నమ్మశక్యం కాని లెక్క. కానీ మనిషి అయిదడుగుల పది అంగుళాలు. ఆ ఎత్తున్న మనిషి ఎంత ఉండాలి? ఆయన తిండి మానేసి, విరేచనాల మందు తాగి, ఆవిరి గదుల్లో కూర్చుని ఒళ్ళు కరిగించుకునేవాడు. 1886 అక్టోబరులో ఒక పెద్ద రేసు కోసం 54 కిలోల దాకా దిగాడు, అప్పటికీ ఒక పౌను ఎక్కువే తూగాడు. ఒక పౌను, అంటే అర కిలో కూడా కాదు. ఆ రేసు తల తేడాతో ఓడిపోయాడు. అప్పటికే శరీరంలో సత్తువ లేదు, తర్వాత టైఫాయిడ్ వచ్చింది, అంతకు రెండేళ్ళ ముందే భార్య పోయిన దిగులు ఒకటి. నవంబరులో ఆ జ్వరంలోనే తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు.

భయపెట్టడానికి చెప్పట్లేదమ్మా. మీ అబ్బాయి పక్కనే కూర్చున్నాడు, అందుకని మీకు భయమేస్తోంది, నాకు తెలుసు. చెప్పకపోతేనే ప్రమాదం. మా రోజుల్లో రేసు ముందు రోజు రబ్బరు సూటు వేసుకుని పరుగెత్తడం, వేడి నీళ్ళ తొట్టిలో గంట సేపు కూర్చోవడం, పెదాలు తడుపుకోవడానికే నీళ్ళు, ఇవన్నీ మామూలు సంగతులు. ఒకసారి నేను ఒక్క రోజులో రెండు కిలోలు దించాను. దించి రేసుకి వెళ్ళాను. ఆఖరి రెండొందల మీటర్లలో గుర్రానికి ఊపిరుంది, నాకు లేదు. చేతులు దానితో పాటు కదలాలి, కదలట్లేదు. మెడ తేడాతో ఓడిపోయాం. రెండు కిలోలు దించకపోతే ఆ గుర్రం ఎక్కేవాణ్ణే కాదు, దించాను కాబట్టి గెలవలేకపోయాను. ఇప్పుడు ఇక్కడ డైటీషియన్ ఉన్నారు, నెలనెలా మీ ఎత్తు, ఎముకలు చూస్తారు. ఒకవేళ మీరు పొడుగైపోతున్నారని ఆవిడ చెప్తే, ఈ పని మీకు కుదరదని చెప్తే, దయచేసి వినండి. ఏడవండి, కానీ వినండి. గుర్రాల మధ్య బతకాలంటే ట్రైనరు పనీ, గుర్రపు డాక్టరు పనీ, పొద్దున్నే గుర్రాలకి పరుగు పెట్టించే రైడరు పనీ, ఇవన్నీ ఉన్నాయి.

కెరీరు ఎలా నడుస్తుందని ఇందాక ఒకాయన అడిగారు. చీపురుతో మొదలవుతుంది. నిజంగానే. లాయం ఊడవడం, దాణా పెట్టడం, డెక్కల్లో ఇరుక్కున్న మట్టి తీయడం. ఆ తర్వాత తెల్లారకముందే ట్రాకు మీద గుర్రాలకి వర్క్ చేయించడం. ఇక్కడ నేర్చుకోవాల్సింది బలం కాదు, గడియారం. ట్రైనరు ఫర్లాంగు దగ్గర, అంటే రెండొందల మీటర్ల దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి, "పన్నెండు సెకన్లలో రా" అంటాడు. పదకొండున్నరకి వస్తే తిడతాడు, పదమూడుకి వస్తే ఇంకా తిడతాడు. మీ చేతికి వాచీ ఉండదు. డెక్కల చప్పుడులోంచి, గాలిలోంచి, పగ్గాల బిగువులోంచి ఆ పన్నెండు సెకన్లని పట్టుకోవాలి. నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ లిఫ్టులో నిలబడితే మనసులో లెక్క నడుస్తూనే ఉంటుంది, మా ఆవిడ తిడుతుంది.

తర్వాత అప్రెంటిస్. కొత్తవాళ్ళకి బరువులో రాయితీ ఇస్తారు. నియమాలు దేశానికో రకం, బ్రిటన్‌లో అయితే ఇరవై గెలుపుల దాకా ఏడు పౌన్లు, యాభై దాకా అయిదు, తొంభై అయిదు దాకా మూడు, ఆ తర్వాత ఏమీ లేదు. అర్థమైందా? అనుభవం లేనివాణ్ణి ఎక్కించుకున్నందుకు గుర్రం మీద మూడు కిలోల బరువు తగ్గుతుంది. ట్రైనర్లకి అది లాభం. ఫోన్లు వస్తాయి. మీకేమో, ఓహో నా ప్రతిభ చూసి పిలుస్తున్నారనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. గెలుపులు పెరిగేకొద్దీ ఆ రాయితీ కరిగిపోతుంది, ఒక రోజు మొత్తం పోతుంది, ఆ పైవారం ఫోను మోగదు. నిన్నటి దాకా మీతో సమానమైన కుర్రాళ్ళతో పోటీ, ఇవాళ్టి నుంచి పాతికేళ్ళ అనుభవమున్న చాంపియన్లతో, అదే బరువుతో. చాలామంది కెరీర్లు ఆగిపోయేది పడిపోయినప్పుడు కాదు, ఇదిగో ఇక్కడ, చప్పుడు లేకుండా.

ఆ చోటు ఎలా దాటాలి? ఇప్పుడు నా కథ.

రాయితీ పోయిన కొత్తలో ఒక పెద్ద ట్రైనరు నాకు గుర్రాలిస్తూ ఉండేవాడు, పేరు చెప్పను. ఒక రోజు పద్నాలుగొందల మీటర్ల రేసు. ఆయన చెప్పింది ఒకటే మాట, "తొందరపడకు, ఆఖరి మలుపు దాటి నాలుగొందలు మిగిలేదాకా కదలకు" అని. గేటు తెరుచుకుంది, బాగా దూకాం, అయిదో స్థానంలో రెయిలింగు పక్కన కుదురుకున్నాం. ముందు గుర్రాల డెక్కల కింద నుంచి మట్టి పెళ్ళలు మొహాన కొడుతున్నాయి. రెండు జతల కళ్ళద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటాం, పైది మట్టి కొట్టుకుపోతే కిందకి లాగేస్తాం, లాగేశాను. కళ్ళ ముందు శుభ్రంగా కనిపించింది. ముందు రెండు గుర్రాల మధ్య సందు. ఒకటిన్నర గుర్రం పట్టేంత సందు. ఇంకా ఆరొందలు ఉంది. సందు ఇంకో సెకనులో మూసుకుపోతుంది. నేను దూరాను.

ఆ రెండొందల మీటర్లు నా జీవితంలో అంత హాయి లేదు. తర్వాత మిగిలిన నాలుగొందల్లో గుర్రం అయిపోయింది. అది అయిపోవడం చేతులకి ముందు తెలుస్తుంది, పగ్గాల అవతల నిండుగా ఉన్నదేదో ఖాళీ అవుతుంది. ఏడో స్థానం. దిగాక ట్రైనరు వచ్చి, "ఏమైంది?" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "దూరం చాలదు సార్, దీనికి మైలు కావాలి" అన్నాను. ఓడిపోయినప్పుడల్లా అందరూ అనే మాటే. ఆయన ఏమీ అనలేదు, తలూపి వెళ్ళిపోయాడు. ఆ గుర్రాన్ని మైలు రేసులో పెట్టలేదు. మూడు వారాల తర్వాత అదే పద్నాలుగొందలలో వేరే జాకీతో పెట్టాడు, అతను నాలుగొందలు మిగిలేదాకా కదల్లేదు, గెలిచాడు. నాకు ఆ లాయం నుంచి మళ్ళీ పిలుపు రాలేదు.

ముందే కదిలినందుకు కాదు నన్ను తీసేసింది, అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ముందే కదలడం ప్రతి జాకీ చేస్తాడు. నేను అబద్ధం చెప్పాను. రేసులో గుర్రం మీద ఉన్నది నేనొక్కణ్ణే, దాని ఒంట్లో ఏం జరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గుర్రం చెప్పలేదు కదా. నేను తెచ్చిన సమాచారం తప్పయితే ఆయన తర్వాతి రేసు తప్పుగా ఎంచుకుంటాడు, ఓనరు డబ్బు పోతుంది, గుర్రం అనవసరంగా అలిసిపోతుంది. ఆయన బైనాక్యులర్స్‌తో చూస్తూనే ఉన్నాడు, ఆరొందల దగ్గర నేను దూరడం ఆయనకి కనబడనే కనబడింది. "తొందరపడ్డాను సార్, తప్పు నాది, గుర్రం బానే ఉంది" అని ఉంటే తిట్టేవాడు. ఆ నాలుగు తిట్లూ తినడానికి వెనకాడాను.

దీనికి ఎదురు కథ షూమేకర్‌దే ఉంది. 1957లో కెంటకీ డర్బీ అనే అమెరికా పెద్ద రేసు, గాలంట్ మ్యాన్ అనే గుర్రం. గెలుపు దాదాపు చేతిలో ఉంది. గీతకి వంద మీటర్ల ముందున్న స్తంభాన్ని చూసి అదే గెలుపు స్తంభం అనుకుని రికాబుల్లో లేచి నిలబడ్డాడు! ఒక్క క్షణం. వెంటనే కూర్చున్నాడు కానీ ముక్కు తేడాతో ఓడిపోయాడు. లక్షమంది చూస్తుండగా. స్టీవార్డులు, అంటే రేసుని పర్యవేక్షించే అధికారులు, అడిగితే ఒప్పుకున్నాడు, పదిహేను రోజులు సస్పెండ్ చేశారు. ఆ గుర్రం ఓనరు ఏం చేశాడు? ఆ జాకీనే ఉంచుకున్నాడు. ఆరు వారాల్లో బెల్మాంట్ స్టేక్స్ అనే ఇంకో పెద్ద రేసులో అదే గుర్రం, అదే జాకీ, ఎనిమిది పొడవుల తేడాతో గెలిచారు.

అదీ తేడా. నేనేమీ షూమేకర్‌ని కాననుకోండి, అది వేరే సంగతి.

పడటం గురించి అడగకుండా ఎవరూ ఇంటికెళ్ళరు కాబట్టి నేనే చెప్తాను. పడతారు. కంచెలు దూకే రేసుల్లో కన్నా తక్కువసార్లు పడతారు, కానీ ఇక్కడ గుంపు దగ్గరగా ఉంటుంది, వేగం ఎక్కువ, వెనకాల గుర్రాలకి తప్పుకోవడానికి చోటుండదు. రేసు వెనకాలే అంబులెన్సు నడుస్తూ ఉంటుంది. మీరు పనిచేస్తుంటే వెనక అంబులెన్సు తోడు వచ్చే ఉద్యోగాలు ఎన్నున్నాయి చెప్పండి? ముడుచుకుని బంతిలా దొర్లడం ఇక్కడ మొదటి వారంలోనే నేర్పిస్తారు. తలకి దెబ్బ తగిలితే డాక్టరు ఒప్పుకునేదాకా ఎక్కకూడదు, ఎంత పెద్ద రైడు పోయినా సరే. నాకు మెడ ఎముక పక్కది, అదే కాలర్‌బోన్, మూడుసార్లు విరిగింది. చాలు.

ఆ మూల కూర్చున్న అమ్మాయి చేయి ఎత్తింది. ఆడపిల్లలు చేయగలరా అనే కదా? అడగాల్సిన అవసరం లేదు తల్లీ. మామూలుగా రేసులో ఆడవాళ్ళకి వేరే పందెం ఉండదు, మగవాళ్ళతోనే, చాలా చోట్ల అదే బరువుతో. అమెరికన్ జాకీ జూలీ క్రోన్ 1993లో బెల్మాంట్ స్టేక్స్ గెలిచింది. ఆస్ట్రేలియా జాకీ మిషెల్ పేన్ 2004లో పడి పుర్రె పగలగొట్టుకుంది, ఇక చాలన్నవాళ్ళు బోలెడంతమంది. 2015లో మెల్‌బోర్న్ కప్ గెలిచింది, పందేల్లో ఒకటికి వంద పలికిన, అంటే గెలుస్తుందని దాదాపు ఎవరూ నమ్మని గుర్రం మీద. అక్కడ గెలిచిన మొదటి ఆడమనిషి ఆమే. అయితే మంచి గుర్రాలు ఇంకా మగవాళ్ళకే ఎక్కువ వెళ్తాయి, అది మారుతోంది, నెమ్మదిగా. నిజం చెప్పాలి కదా.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. రైడుకింత అని ఫీజు, గెలిస్తే బహుమతిలో వాటా. అమెరికాలో గెలిచిన జాకీకి పదో వంతు ఆనవాయితీ, అందులోంచి మళ్ళీ అతని ఏజెంటుకి సుమారు పావు వంతు. పైన ఉన్నవాళ్ళు బాగా సంపాదిస్తారు, మధ్యలో ఉన్నవాళ్ళు బండి నడిపిస్తారు, కింద ఉన్నవాళ్ళకి దారి ఖర్చులు పోగా ఏమీ మిగలదు. పందెం కాయడం జాకీకి నిషేధం, ఎవరికీ లోపలి సమాచారం చెప్పకూడదు. రేపటి నుంచి మీ బంధువులందరికీ మీ మీద ప్రేమ పుట్టుకొస్తుంది, "ఏ గుర్రంరా ఇవాళ?" అని. నవ్వి ఊరుకోండి.

ఎన్నాళ్ళు ఉండగలం? ఇంగ్లీషు జాకీ గోర్డన్ రిచర్డ్స్ ఇరవై ఆరుసార్లు చాంపియన్, ఎప్సమ్ డర్బీ అనే పెద్ద రేసు మాత్రం చేతికి రాలేదు. ఇరవై ఏడుసార్లు ప్రయత్నించి ఓడిపోయాడు. ఇరవై ఎనిమిదోసారి, 1953లో, పింజా అనే గుర్రం మీద గెలిచాడు. అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు. ఇంకో ఇంగ్లీషు జాకీ లెస్టర్ పిగ్గట్ పన్నెండేళ్ళకి మొదటి రేసు గెలిచాడు, 1985లో మానేశాడు, 1990లో మళ్ళీ వచ్చి కొద్ది రోజుల్లోనే అమెరికాలో బ్రీడర్స్ కప్ మైల్ అనే పెద్ద రేసు గెలిచాడు, యాభై నాలుగేళ్ళకి. వీళ్ళ కథలు విని అందరం అలాగే అనుకుంటాం. నేను ముప్పై ఎనిమిదికి ఆపేశాను. ఆఖరి రేసులో తొమ్మిదో స్థానం. దిగి ట్రైనరుతో, "గుర్రం కుడి ముందుకాలి మీద బరువు సరిగ్గా వేయట్లేదు సార్, డాక్టరుకి చూపించండి" అన్నాను. రెండు రోజుల తర్వాత ఆయన ఫోన్ చేశాడు, సన్నటి పగులు దొరికిందని, ఇంకొక్క రేసు పెట్టి ఉంటే కాలు పోయేదని. గెలిచిన వాటికి వచ్చిన కప్పులు అటక మీద ఉన్నాయి. ఆ ఫోను మాత్రం నాకు మాటామాటా గుర్తుంది.

సరే, టైమయింది, వాచీ చూపిస్తున్నారు. ఇప్పుడు ఈ చెక్కగుర్రం. రికాబులు పొట్టిగా కట్టించాను. ఎక్కి, మోకాళ్ళు వంచి, పిరుదులు జీనుకి తగలకుండా రెండు నిమిషాలు ఉండాలి, చేతులు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ. స్టాప్‌వాచ్ నా దగ్గర ఉంటుంది, ఎంతయిందో నేను చెప్పను, మీరే లెక్కపెట్టుకోవాలి. పెద్దవాళ్ళూ ఎక్కొచ్చు, కాకపోతే తర్వాత మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోండి. ఎవరు ముందు? నువ్వా? రా నాన్నా. దిగాక నేనేమీ అడగను, ఎక్కడ కాళ్ళు వదిలేశావో నువ్వే వచ్చి నాకు చెప్పాలి. ఊఁ, మొదలెట్టు.